విల్ఫ్ ఎప్టన్ గారి చావూ, ఖైదూ, వలసా

థోర్ప్‌హోమ్ గ్రామం, లింకన్‌షైర్
మార్చి 4

న్యాయశాఖ మంత్రిగారికి, తమరి నియోజకవర్గంలో నలభై ఏళ్ళుగా ఓటు వేస్తున్న మావిస్ ఎప్టన్ నమస్కరించి రాసేది. ఓటు ఎవరికి వేస్తానన్నది ప్రస్తుతానికి వదిలేద్దాం.

కరోనర్ల విచారణ చట్టాన్ని మీరు పార్లమెంటులో సవరించబోతున్నారని పేపర్లో చదివాను. పనిలో పనిగా మా సంగతి కూడా కాస్త చూడండి. మా ఆయన విల్ఫ్, నేలలో లోహాలు పసిగట్టే కర్ర ఒకటి పట్టుకుని పదిహేనేళ్ళుగా చుట్టుపక్కల చేలన్నీ తిరుగుతున్నాడు. దొరికినవన్నీ ట్రాక్టరు మేకులు, బీరుసీసా మూతలు. రెండేళ్ళ క్రితం కాడ్ గారి బీట్‌దుంపల చేలో మాత్రం బంగారు పతకం దొరికింది. పదమూడు వందల ఏళ్ళ కిందట ఎవరో దొరసాని భుజాన గుచ్చుకున్నదట. నిండా ఎర్రరాళ్ళు. జేబులో వేసుకునే రకం కాదు మా ఆయన, పొద్దుగూకేలోగా మ్యూజియం వాళ్ళకి అప్పగించేశాడు.

ఆ తర్వాతి సంగతి మీకు తెలిసిందే. అనుమానం ఉన్న చావైనా, భూమిలో దొరికిన నిధైనా మన దేశంలో కరోనర్ అనే విచారణాధికారి గుమ్మమే తొక్కాలి. ఆయన విచారణ జరిపి ఇది నిధి అని తేల్చేదాకా పతకం మ్యూజియం ఇనప్పెట్టెలోనే ఉంటుంది, ఎవరికీ చూపించరు. ఫోన్ చేస్తే ముందు శవాలు, తర్వాతే సామాన్లు అంటారు. అదీ న్యాయమే. కానీ విల్ఫ్‌కి ఎనభై ఒకటి. రెండు కళ్ళూ మధ్యలోంచి మసకబారుతున్నాయి. ఈ ఏడాది దాటితే చూపు ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఉన్న చూపు పోకముందే ఆ పతకాన్ని అద్దాల పెట్టెలో, కింద తన పేరుతో, ఒక్కసారి చూసుకోవాలని ఆయన కోరిక. నాదీ అదే.

తమరి జవాబు కోసం ఎదురుచూస్తూ,
మావిస్ ఎప్టన్

తా.క. మీ ఆఫీసు ఫారం కూడా నింపాను. "విచారణ ఎవరి మీద?" అన్న గడి ఖాళీగా వదిలితే చెల్లదట. పతకానికి పేరు లేదు గనక విల్ఫ్ పేరు రాశాను.


మంత్రిగారి ఉత్తరాల విభాగం, లండన్
మార్చి 29

గౌరవనీయులైన ఎప్టన్ గారికి,

మీ భర్త విల్ఫ్ ఎప్టన్ గారి ఆకస్మిక మరణానికి మంత్రిగారి తరఫున ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను. విచారణల జాప్యాన్ని తగ్గించడమే ప్రస్తుత బిల్లు ఉద్దేశం. ఆప్తులను కోల్పోయినవారికై ప్రచురించిన చిన్న పుస్తకం జతపరుస్తున్నాను. పన్నెండో పుటలో నిద్ర పట్టడానికి సూచనలున్నాయి.

మంత్రిగారి తరఫున,
క్రిస్పిన్ ఆష్‌కోంబ్

తా.క. కరోనర్ అనుమతి వచ్చేవరకూ అంత్యక్రియలు జరపవద్దని మనవి.


థోర్ప్‌హోమ్
ఏప్రిల్ 2

ఆష్‌కోంబ్ గారికి,

మీ ఉత్తరం పొద్దున ఫలహారం దగ్గర మా ఆయనకు చదివి వినిపించాను. "అంత్యక్రియలు ఇప్పుడే వద్దన్నారుగా, అయితే ఇంకో సాసేజ్ వెయ్యి" అన్నాడు. చనిపోయినవాడు తినే తిండేనా అది.

ఎవరూ పోలేదు బాబూ. నా ఉత్తరం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చదవండి. మేము అడిగేది వేరు. రెండేళ్ళుగా విచారణ అన్న మాట లేకుండా ఇనుప తలుపు వెనక తాళం వేసి ఉంచారు. పలకరించడానికి వెళ్తే కనీసం చూడనివ్వరు. అది మా పతకం సంగతి. ఈ దేశంలో దొంగకైనా ఇంతకంటే ముందు న్యాయం జరుగుతుంది.

ఇట్లు, సుమంగళి,
మావిస్ ఎప్టన్

తా.క. పన్నెండో పుట చదువుతుండగానే మా ఆయన నిద్రపోయాడు. పుస్తకం బాగానే పనిచేస్తోంది.


ఉత్తరాల విభాగం, లండన్
ఏప్రిల్ 30

గౌరవనీయులైన ఎప్టన్ గారికి,

విల్ఫ్ గారు జీవించి ఉన్నారని తెలిసి మంత్రిగారు సంతోషించారు. అయితే వారిని రెండేళ్ళుగా విచారణ లేకుండా తాళం వెనక ఉంచారన్న మీ మాట మమ్మల్ని కలచివేసింది. ఫైలును వెంటనే జైళ్ళ విభాగానికి పంపాం. వృద్ధ ఖైదీలను సొంత ఊరికి దగ్గరలో ఉంచాలన్నది మంత్రిగారి విధానం. ఈలోగా సందర్శకుల నియమాలు గమనించగలరు: వారానికి ఒక్కసారే. ఇంట్లో చేసిన కేకులు అనుమతించబడవు.

మంత్రిగారి తరఫున,
క్రిస్పిన్ ఆష్‌కోంబ్

తా.క. పాత ఫైలులో విల్ఫ్ గారు మృతులుగా, కొత్త ఫైలులో ఖైదీగా ఉన్నారు. రెండూ కలిపినప్పుడు "నిర్బంధంలో మరణం" అనే మూడో ఫైలు తెరవక తప్పలేదు.


థోర్ప్‌హోమ్
మే 4

ఆష్‌కోంబ్ గారికి,

నేను ఎడ్డెమంటే మీరు తెడ్డెమంటున్నారు. మా ఆయన జైల్లో లేడు, కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. కేకు కూడా తింటున్నాడు. ఈ ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు చదివించాడు. పొరుగింటి ప్యాట్రిక్‌ని పిలిచి నాలుగోసారి చదివించాడు. "ఏం నేరం చేశావయ్యా?" అని ప్యాట్రిక్ అడిగితే, "చెప్పకుండా పోయానట" అన్నాడు.

నవ్వులకేం, నాకు మాత్రం భయంగా ఉంది. ఈమధ్య పేపరు కూడా నన్నే చదవమంటున్నాడు. కళ్ళద్దాలు మార్చాలి అంటాడు గానీ కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. నాకు రోజులు లెక్కపెట్టుకున్నట్టుగా ఉంది. అందుకే మ్యూజియం నిపుణురాలు డాక్టర్ ఇంగ్రమ్ గారు పతకం మీద రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను. ఇది చదివితే చంటిపిల్లలకైనా అర్థమవుతుంది.

విసిగిపోయిన,
మావిస్ ఎప్టన్

తా.క. కాగితంలో ఉన్నది పతకం గురించి. పతకం. ప - త - కం.


ఉత్తరాల విభాగం, లండన్
జూన్ 3

గౌరవనీయులైన ఎప్టన్ గారికి,

మీరు పంపిన ఆధారం కేసు స్వరూపాన్నే మార్చివేసింది. "పుట్టుక రైన్ నదీతీరం. సముద్రం దాటి వచ్చింది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో నమోదు లేదు" అని నిపుణురాలు స్పష్టంగా రాశారు. విల్ఫ్ గారు పత్రాలు లేకుండా ప్రవేశించిన విదేశీయులన్న సంగతి మాకు ఇంతవరకూ తెలియదు. వలసల శాఖను సంప్రదించాం. దీర్ఘకాలం ఎడతెగకుండా నివసించినట్టు రుజువు చేస్తే దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఏడాదికొకటి చొప్పున కరెంటు బిల్లులు జతచేయాలి.

మంత్రిగారి తరఫున,
క్రిస్పిన్ ఆష్‌కోంబ్

తా.క. నిన్న బిల్లుపై చర్చలో మంత్రిగారు మీ కేసును పేరుతో సహా ఉదహరించారు. "మరణించిన తర్వాత కూడా విచారణ లేకుండా రెండేళ్ళు జైల్లో ఉన్న ఒక వలసజీవి" అనగానే ఉభయ పక్షాలూ సిగ్గు సిగ్గు అని కేకలు వేశాయి. సభలో పలికిన మాట అచ్చవుతుంది. మంత్రిగారు సభలోనే దిద్దుకునేవరకూ మాకు అదే నిజం. నిర్బంధంలో మరణం గనక జ్యూరీతో విచారణ తప్పనిసరి. జూన్ 17, ఉదయం పదిన్నరకు కరోనర్ తేదీ ఇచ్చారు.


థోర్ప్‌హోమ్
జూన్ 7

ఆష్‌కోంబ్ గారికి,

కరోనర్ ఆఫీసు నుంచి "మృతుని బంధువులకు" అని సమన్లు వచ్చాయి. మంత్రిగారి ప్రసంగం పేపర్లో చూసి నిన్న చర్చి ఫాదర్ గారు విచారవదనంతో వచ్చారు. తలుపు తీసింది మృతుడే. ఫాదర్ గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. విల్ఫ్ బంతులాడే క్లబ్బువాళ్ళు జెండా సగానికి దించి, విల్ఫ్ వెళ్ళి తిట్టాక మళ్ళీ ఎగరేశారు. పదమూడు వందల ఏళ్ళకు కరెంటు బిల్లులు ఎక్కడినుంచి తేవాలో కూడా మీరే చెప్పండి.

నాకు ఇక రాసే ఓపిక లేదు. రెండేళ్ళుగా ఆ పతకానికి దొరకని తేదీ, బతికున్న మనిషి చావుకు రెండు వారాల్లో దొరికింది. ఆ తేదీ మాకిచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మావిస్ ఎప్టన్

తా.క. ఈసారి తాజాకలం లేదు.


లండన్, మా ఇంటి నుంచి
జూన్ 9

ఎప్టన్ అమ్మగారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు, చూశారుగా. తాజాకలం లేని మీ ఉత్తరం చూసి భయం వేసింది. మీ ఉత్తరాలన్నీ తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. ఇలా చదవడం ఇదే మొదటిసారి. రోజుకు నూట నలభై ఉత్తరాలు వస్తాయి. ఫారంలో పేరు చూసి, నాలుగు ముక్కలు ఏరుకుని జవాబు రాస్తాం. అది తప్పని నాకూ తెలుసు. సిగ్గుగా ఉంది.

విచారణ రద్దు చేయించడం నాకు పది నిమిషాల పని. చేయించను. కరోనర్ ఆఫీసులో ఒకావిడతో మాట్లాడాను. జ్యూరీ వస్తుంది, గది ఉంది, గంటన్నర సమయం ఉంది. మృతుడు బతికే ఉన్నాడని తేల్చడానికి పది నిమిషాలు పడుతుందనుకున్నా, మిగతా సమయం వృథా కాకూడదు కదా. డాక్టర్ ఇంగ్రమ్ గారిని పతకంతో రమ్మన్నారు. విల్ఫ్ గారిని తప్పకుండా తీసుకువెళ్ళండి.

మీ,
క్రిస్పిన్

తా.క. ఈ ఉత్తరం నేను రాయలేదు.


థోర్ప్‌హోమ్
జూన్ 18

క్రిస్పిన్ నాయనా,

నువ్వు రాయని ఉత్తరం అందింది. జరిగింది చెప్తాను విను.

గదిలో తొమ్మిదిమంది జ్యూరీ, ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. కరోనర్ గారు కాగితాలు తిరగేసి, "మృతుని తరఫున ఎవరైనా వచ్చారా?" అన్నారు. మా ఆయన లేచి, "నేనే వచ్చానండీ, వేరేవాళ్ళకి పురమాయించడం దేనికని" అన్నాడు. "ఎలా ఉన్నారు?" అన్నారు ఆయన. "మోకాలు తప్పిస్తే బాగానే ఉన్నానండి. ఎలా పోయానో మీరే చెప్పాలి." జ్యూరీలో ఒకావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. మరణం సంభవించలేదని ఆరు నిమిషాల్లో తేల్చేశారు.

ఆ తర్వాత పతకం. డాక్టర్ ఇంగ్రమ్ చిన్న పెట్టె తెచ్చి మా ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "మీకు దొరికినది ఇదేనా? చూసి చెప్పండి" అన్నారు కరోనర్ గారు. విల్ఫ్ ముందుకు వంగి చూశాడు. "ఇదేనండి. ముప్ఫై నాలుగు రాళ్ళు, ఎడమపక్క ఒకటి ఊడింది. ఎంత మెరుస్తోందో" అన్నాడు.

పెట్టె మూత ఇంకా తియ్యలేదు, క్రిస్పిన్.

కరోనర్ గారు తమ కుర్చీలోంచి దిగి వచ్చి, మూత తీసి, పతకాన్ని తమ చేత్తో మా ఆయన అరచేతిలో పెట్టారు. అలాంటి పద్ధతి ఏ చట్టంలోనూ ఉండదనుకుంటాను. విల్ఫ్ బొటనవేలు అంచు వెంబడి రాయి రాయినీ తడుముకుంటూ వెళ్ళి, ఊడిన చోట ఆగింది. "ఇప్పుడు చెప్తున్నానండి, ఇదే" అన్నాడు. నిధి అని తీర్పు రాశారు. మ్యూజియంలో కింద పేరు వేస్తారు.

తిరిగొస్తూ కారు పక్కకి ఆపి అడిగాను, ఎప్పటినుంచి అని. "క్రిస్మస్ నుంచి. గోడలూ గుమ్మాలూ పక్కచూపుకి తెలుస్తాయి. ఎదురుగా ఉన్నదే కనపడదు. నీ మొహం కూడానూ" అన్నాడు. నేను మీ ఆఫీసుకు మొదటి ఉత్తరం రాసింది మార్చిలో.

"మరి నాచేత ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాయించావు? చెప్తే మానేసేదాన్నిగా" అన్నాను.

"మానేస్తావనే చెప్పలేదు. పొద్దున్నే నువ్వు ఆ ఉత్తరాలు చదువుతూ లండన్ వాళ్ళని తిడుతుంటే నీ మొహం ఎలా ఉందో నాకు తెలిసిపోయేది. పతకం ఎలా ఉంటుందో ఒకసారి చూశాను, అది చాలు."

నడిరోడ్డు పక్కన, వెనక లారీ హారన్ కొడుతుంటే, ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

పని పూర్తయింది కనక నువ్వు ఇక మాకు రాయనక్కర్లేదు. నీ మేలు మరిచిపోను.

ఆశీర్వదిస్తూ,
మావిస్

తా.క. మా వీధి చివర దీపం వెలగడం లేదు. అది మీ శాఖ పని కాదని నాకు తెలుసు. ఫారం నింపి ఇందులో పెట్టాను. దయచేసి తప్పుడు విభాగానికే పంపు నాయనా. జవాబు పొడుగ్గా ఉండనీ, పైకి చదవాలి.