అట్టల పాఠం

జూలై 8
పెనుకొండలో ప్యాసింజరు ఎక్కితే బడి ఉన్న ధర్మవరం దాకా నిలబడే రావాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలను అడిగాను, పెద్దయ్యాక ఏమవుతారని. టీచర్, టీచర్, నర్సు, పోలీసు, మళ్లీ టీచర్. కంప్యూటర్ పని ఎవరికి ఇష్టం అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. "అది మొగపిల్లోల్లది మేడమ్, బెంగళూరు పోవల్ల." బాధేసింది. కోపం కూడా.

జూలై 11
వీళ్ల ఇళ్లలో ఉండేది మగ్గాలు. మగ్గంతోనే మొదలుపెడితే?

జూలై 14
మగ్గం మీద బొమ్మ నేయించే పాత జకార్డు అట్టలు తెప్పించి క్లాసులో పంచాను. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, అలాగే చీర మీద నెమలి పడుతుంది. ఉంది, లేదు. ఒకటి, సున్నా. కంప్యూటర్‌కు తెలిసిందీ ఇంతే అన్నాను. వెనక బెంచీలోంచి చౌడేశ్వరి... "అంటే మా ఇంట్లో ఉండేది కంప్యూటరేనా మేడమ్?" ఏడాదిగా నోరు విప్పని పిల్ల. రైల్లో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. పక్కనామె కొంచెం జరిగి కూర్చుంది.

జూలై 22
చౌడేశ్వరి గళ్ల కాగితం మీద తన పేరును చుక్కలుగా పెట్టి తెచ్చింది. ఒత్తుతో సహా. కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆగస్టు 2
హిందూపురంలో ఒక కాలేజీవాళ్లు ఆడపిల్లలకు కంప్యూటర్ శిబిరం పెడుతున్నారు, నెలాఖరున మూడు రోజులు. బడికి ఒక్కరే. హెచ్చెమ్ సారు ఫస్టొచ్చే శ్రావణిని పంపుదామన్నారు. నేను చౌడేశ్వరి కోసం మంకుపట్టు పట్టాను. నా నోటికి జడిసే ఒప్పుకున్నారనుకుంటా.

ఆగస్టు 7
పిల్ల ముఖం వెలిగిపోతోంది. వాళ్లింట్లో చీరకు నెమలి తోక పడటం లేదట. వాళ్ల నాయన తల పట్టుకుని కూర్చుంటే ఈమె అట్టలన్నీ ఒక్కొక్కటే చూసి "ఈడ తూటు పడల్యా" అని చూపించిందట. సరిచేస్తే తోక వచ్చింది. క్లాసు చేత చప్పట్లు కొట్టించాను.

ఆగస్టు 13
రాలేదు.

ఆగస్టు 14
ఈరోజూ రాలేదు. జ్వరమేమో.

ఆగస్టు 18
బడి అయ్యాక వాళ్లింటికి పోయాను. పెద్ద అంచు చీరకు మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి — నేసే మనిషి ఒకరు, పక్కన అంచు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరే మనిషి ఒకరు. ఆ పక్కచోటు వాళ్లమ్మది. ఇప్పుడు చౌడేశ్వరి కూర్చుని ఉంది, యూనిఫాం చున్నీ నడుముకు చుట్టుకుని.
అమ్మకు కుడిభుజం లేవడం లేదు. మొదట ఎవరినైనా కూలికి పెట్టుకుందామనుకున్నారట. ఈలోపు ఆ నెమలి. నాయన లేచి కుర్చీ తుడిచి వేశాడు, కాఫీ ఇప్పించాడు. "మీరు చెప్పిన చదువే మేడమ్. ఇంగ బయటోల్లు ఎందుకు? అట్టలో తప్పు పట్టే మనిషి ఇంట్లోనే ఉండాదే." అంత గర్వంగా చెప్పాడు.
హిందూపురం మాటెత్తాను. "మూడు దినాలు ఆమె లేకుంటే మగ్గం నిలబడిపోతాది గదా మేడమ్." పిల్ల తలెత్తలేదు. నాడె మాత్రం ఆగలేదు.

ఆగస్టు 19
వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటారు. కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోదామని మగ్గం చూపించాను. పిల్ల బాగా నేర్చుకుంది. బాగా నేర్చుకున్నందుకే అక్కడ కూర్చోబెట్టారు.
తిట్టుకుందామన్నా మనిషి దొరకడం లేదు. ఆయన తాగడు, కొట్టడు. కూతుర్ని చూసి మురిసిపోతున్నాడు. నన్ను ఫిజిక్స్ చదవనివ్వకుండా బీఈడీకి పంపిన రోజు మా నాయన కూడా ఇట్లాగే మురిసిపోయాడు. ఏడుపొస్తోంది.

ఆగస్టు 23
మళ్లీ పోయాను. ఈ వయసు పిల్ల బడిలో ఉండాలని చట్టం మాట్లాడాను. నా గొంతు నాకే నచ్చలేదు. "పరీచ్చలకు పంపిస్తా మేడమ్, మీ మాట తీసేస్తానా?" శిబిరం సంగతి అడిగితే "చూస్తాంలే". చూస్తాంలే అంటే లేదనే.

ఆగస్టు 29
హిందూపురం. శ్రావణిని తీసుకొచ్చాను. మంచి పిల్ల. చెప్పింది చెప్పినట్టు చేసింది, ఒక్క ప్రశ్న అడగలేదు. నేను వరండాలో కూర్చున్నాను. లోపలికి పోబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 3
బడి వదిలేసరికి గేటు దగ్గర చౌడేశ్వరి వాళ్లమ్మ. "పాప ఒగ మాట అడిగి రమ్మనింది మేడమ్. హిందూపురంలో ఏం చెప్పిరో అది ఆమెకు చెప్తారా అని. ఆదివారం నేను కూచుంటా మగ్గం కాడ."
భుజం? "ఎట్లో కానీలే మేడమ్." ముఖం తుడుచుకోవడానికి ఎడమచెయ్యే ఎత్తింది.
ఆయన ఒప్పుకున్నాడా అని అడిగాను. "ఆయప్పకు సంతోషమే. అట్టలకు తూట్లు కొట్టేది కూడా నేర్చుకుంటాదని అనుకుంటాండాడు."
వస్తానన్నాను.

సెప్టెంబరు 6
రేపు ఆదివారం. ఏం చెప్పాలో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్నాను. ఏం చెప్పినా ఆ పిల్ల బాగా నేర్చుకుంటుంది. నా భయం అదే.