అక్కకు తెరుచుకోని మాగాయ కథ

సామర్లకోట, మే 2008, ఆదివారం

ఒంట్లో ఓపిక లేదు. అమ్మ పెట్టే మాగాయ గురించి నేను రాసింది నా బ్లాగులో పెట్టిన మర్నాడే తీసేసి, అక్కడ లింకు మాత్రం ఉంచి, చందాదారులకే కనిపించే వెబ్ పత్రికకు ఇచ్చి వారమైంది. నలుగురిలో పేరొస్తుందని ఆశపడ్డాను.

ప్రతి ఆదివారం ద్రాక్షారామంలో నెట్ సెంటర్‌కి వెళ్ళి నా బ్లాగు చదివే అక్క, సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏంట్రా తమ్ముడూ, అమ్మ గురించి చదవాలంటే చందా కట్టమంటోంది?"

సిగ్గేసింది. నా దగ్గరున్న కాగితం తీసి ఫోన్లోనే చదివాను. మాగాయ జాడీకెత్తాక, కలిపిన బేసిన్‌లోనే అమ్మ వేడన్నం వేసి, మా ఇద్దరికీ ముద్దలు పెట్టి, ఆఖరి ముద్ద తను తినేదని రాశాను.

అక్క అంది, "ఆఖరి ముద్ద అమ్మ ఎప్పుడు తిందిరా? అదీ నీకే పెట్టేసేది."

దిద్దుదామని పత్రిక తెరిస్తే, రెండు లైన్లు చూపించి నన్నూ చందా కట్టమంది. సంపాదకుడికి ఫోన్ చేశాను. "ఒకసారి పెట్టాక మార్చమండి," అన్నారాయన.

చందా కట్టినవాళ్ళంతా ఆ ముద్ద అమ్మే తిందనుకుంటారు. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను.