పొయ్యితో పనిలేదు మాస్టారూ

మాస్టారూ,

నేను సెంటర్లో టెంటుకి పోతున్నాను. కుళాయిల్లో ఉప్పునీళ్లు రావడం ఆగేదాకా రిలే దీక్ష చేస్తామన్నాం కదా, ఈరోజు వంతు నాదీ స్టెల్లాదీ. సాయంత్రం ఐదింటిదాకా ఏమీ తినం.

గ్యాస్ వెలిగించడం రాదని ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నారు. ఈరోజు ఆ సాకు చెల్లదు. బుట్టలో లేత స్వీట్‌కార్న్ పొత్తులు నాలుగున్నాయి. పీచు తీసి, చాకుతో గింజలు కోసి గిన్నెలో వేయండి. పచ్చివే తినాలి, ఉడకబెట్టాలా అని వీధంతా అడగకండి. ఉల్లిపాయ, టమాటా, సగం మామిడికాయ, ఒక పచ్చిమిర్చి సన్నగా తరిగి కలపండి. గుప్పెడు కొబ్బరిముక్కలు వేసి నిమ్మకాయ పిండండి. ఉప్పు చిటికెడు చాలు. మిగతాది మన కుళాయే వేస్తుంది, ఆ నీళ్లతోనే అన్నీ కడుగుతారుగా!

సగం మీరు తినండి. సగం ఫ్రిజ్‌లో పెట్టి, ఐదింటికి క్యారేజీలో తీసుకురండి. మా చేత దీక్ష విరమింపజేయడానికి ఎవరో కండువా పెద్దాయన నిమ్మరసం గ్లాసుతో వస్తాడట, ఫొటో కోసం. "మీకెందుకండీ శ్రమ, మా మాస్టారే తెస్తారండి" అని చెప్పేశాను. స్టెల్లా నవ్వింది. పదకొండు దీక్షలు చేశాను, ఒక్కదానికీ మీరు రాలేదు. నా కరపత్రాల్లో తప్పులు దిద్దడానికి మాత్రం ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటారు. మీరు రాకపోతే నేను నోరు తెరవను. అంతే.

దీవెనమ్మ

ఇందులోనూ తప్పులుంటాయి. చీటీ కూడా తెచ్చి, టెంటులో అందరి ముందూ కూర్చుని దిద్దండి. వస్తే చాలు.