గోడ రంగులో అక్షరాలు

జూన్ 4
మోకాలి కట్టు విప్పారు. ఇక జన్మలో నిచ్చెన ఎక్కొద్దన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్లు గోడలకి రంగులేసినవాణ్ని, నేల మీద నిలబడి ఏం చెయ్యాలని అడిగితే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మేస్త్రి కూడా వచ్చి వెళ్లాడు. గోడౌన్‌లో డబ్బాలకి కాపలా కూర్చోమంటాడు. జాలి! ఒళ్లు మండిపోయింది.

జూన్ 7
మా అమ్మాయి తన పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్లింది. నాకు పొద్దుపోవడానికట. అది విండోస్‌ని మోయలేకపోతోందని, బదులుగా తేలికపాటి లైనక్స్ వేసిందట. తెరిస్తే స్క్రీనంతా బూడిద రంగు. ప్రైమర్ కొట్టి వదిలేసిన గోడలా ఉంది. అలా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

జూన్ 8, ఉదయం 10
ఇందులో ఏ రంగైనా మార్చుకోవచ్చు! ప్రతి రంగుకీ ఆరక్షరాల చీటీ ఒకటి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదానికి రెండేసి. రెండు సున్నాలంటే ఖాళీ డబ్బా, FF అంటే నిండు డబ్బా. అమ్మాయి ఫోన్‌లో రెండుసార్లు చెప్పింది. మూడోసారి నేనే తనకి చెప్పాను.

ఎరుపూ ఆకుపచ్చా నిండుగా కలిపితే పసుపొచ్చింది. నా బకెట్లో ఎప్పుడూ బురదే వచ్చేది. వెలుతురు కలిపే లెక్క వేరట. సరే, మళ్లీ ఒకటో క్లాసు.

జూన్ 11
లైనక్స్‌లో ఆదేశాలు టైపు చేసే నల్ల పెట్టెలో పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా పడలేదు. కీబోర్డు పాడైందని అరగంట తిట్టాను. అక్కడ అంతేనట, కంటికి కనపడకుండానే పడుతుందట.

జూన్ 13
మేస్త్రికి కొత్త క్లినిక్ పని దొరికింది. డాక్టరమ్మకి తెలుపు వద్దట, ఏడుపుగొట్టు ఆకుపచ్చ అసలే వద్దట. రంగులు నేను ఎంచిపెడతానన్నాను. శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. నచ్చకపోతే నాకు గోడౌనే గతి.

జూన్ 16
డెస్క్‌టాప్‌నే క్లినిక్ వరండా చేశాను. పైన గోడంతా C9D8C5. లేత ఆకుపచ్చలో చిటికెడు బూడిద, ఏడుపుగొట్టుగా మాత్రం లేదు. స్క్రీన్ అడుగున ఉండే ప్యానెల్ పట్టీకి ముదురు రంగు, స్ట్రెచర్లు రాసుకుపోయే ఎత్తు వరకు. ఐకాన్లన్నీ తలుపుల్లా ఒకే వరసలో పెట్టాను.

మా ఆవిడ వెనకనుంచి చూసి, అక్కడ కాసేపు కూర్చోబుద్ధేస్తోందంది. నా రంగుని మెచ్చుకోవడం పెళ్లయ్యాక ఇదే మొదలు.

జూన్ 17, సాయంత్రం 5
కొంప మునిగింది.

అన్నీ ఒకే రంగులో ఉంటే అందమని విండోలకీ, అక్షరాలకీ కూడా C9D8C5 పెట్టేశాను. గోడకీ తలుపుకీ చౌకట్టుకీ ఒకే డబ్బా వాడే పెయింటరు బుద్ధి! అక్షరాలు మాయం. మెనూ ఖాళీ. సెట్టింగ్స్ ఖాళీ. రేపే శుక్రవారం.

మొత్తం తుడిచేసి లైనక్స్ మళ్లీ వేద్దామంది ఫోన్‌లో అమ్మాయి. ససేమిరా అన్నాను.

సాయంత్రం 7
కరెంటు పోయిన ఇంట్లో తడుముకున్నట్టు వెళ్లాను. మెనూలో ఎడమనుంచి రెండోది, అక్కణ్నుంచి కిందికి నాలుగు. నొక్కిన మాట మాత్రం నీలి పట్టీ మీద బయటపడుతోంది. ఆ ఒక్కొక్క మాటా పట్టుకుని రంగుల పేజీ దాకా చేరి, అక్షరాలకి నలుపు ఇచ్చాను. అన్నీ తిరిగొచ్చాయి!

అమ్మాయికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. చెప్పుకోనా మరి?

జూన్ 18
నేను నోరు తెరవకముందే మేస్త్రి స్క్రీన్ వైపు చూసి, అది ఏ బిల్డింగులో వరండా అని అడిగాడు. నా డెస్క్‌టాప్ అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఫొటో తీసి డాక్టరమ్మకి పంపాడు. జవాబొచ్చేలోగా ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

ఒప్పుకుంది. ఇక నుంచి ప్రతి పనికీ రంగులు నావే అన్నాడు. నిచ్చెన లేకుండానే మబ్బుల్లో ఉన్నాను.

జూన్ 24
క్లినిక్‌లో కుర్చీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రంగు కలిపించాను. స్క్రీన్‌కీ గోడకీ వెంట్రుకవాసి తేడా. అది పట్టడానికి కన్నే కావాలి. అది నాకుంది.

జూన్ 29
మొదటి కోటు ఆరింది. చేతికందే ఎత్తులో పెన్సిల్‌తో గోడ మీద C9D8C5 అని రాశాను. రేపు రెండో కోటు.

ఈసారి అక్షరాలు కావాలనే మాయం చేస్తున్నాను.