ఎనభైలో వణుకు

చిరంజీవి గాడ్విన్‌కు,

నాన్న ఆశీర్వదించి రాసేది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా కులాసా. హుబ్బళ్లిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఇక్కడ కోరమండల్‌లో గాలి లేస్తే మూతపడ్డ బంగారు గని దిబ్బల దుమ్ము అన్నంలో పడుతూనే ఉంది. ఈ మధ్య దానికంటే నా మొహమే నాకు రోత పుట్టిస్తోంది. ఫోనులో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం.

నీ కారు అరవై స్పీడులో బాగుండి, ఎనభైలో వణికి, నూరు దగ్గర మళ్లీ సర్దుకుంటోంది ఎందుకని అడిగావు. చక్రంలో ఒక పక్క బరువెక్కువైతే తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ కొడుతుంది. బండికి కూడా ఊయలలాగా తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఎనభైలో ఆ దెబ్బలు, ఈ ఊపు సరిగ్గా కలుస్తాయి. అంతకు తక్కువైనా ఎక్కువైనా కలవవు. ఏ టైర్ల షాపులోనైనా బ్యాలెన్సింగ్ చేయించుకో, తేలిక పక్కన సీసం ముక్కలు అంటించి సరిచేస్తారు, పోతుంది.

తమకలోని టైర్ల షాపులో వసంత్ ఇంకా ఉన్నాడా అనీ అడిగావు. లేడు. కొత్త టైర్లు వేసి బ్యాలెన్సింగ్ చేసింది అతనే. మరునాడు గుడిలో ఫాదర్ బండిని ఆశీర్వదిస్తారని, నువ్వు లేవకముందే చక్రాలు తోమాను. గనిలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే అంతా గీకి మెరిపించేవాళ్లం, ఆ అలవాటు. లోపలి అంచున అంటుకున్న సీసం ముక్కలేవో గలీజనుకుని ఉలితో గీకి పారేశాను.

వణుకుతోందని మనం మళ్లీ షాపుకు పోయినప్పుడు వసంత్ చక్రం చూసి, "అప్పా, నేను అంటించిన సీసం ముక్కలు యాడ పోయినాయి?" అన్నాడు. ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ణి, నలుగురి ముందు నవ్వులపాలవుతానని భయపడ్డాను. అంటించకుండానే అమ్ముకున్నాడని, దొంగ అని అరిచాను. ఇంక బండిమీద చెయ్యి వెయ్యనివ్వలేదు. మనం వచ్చేశాక ఓనరు అతన్ని గెంటేశాడు. నా పెద్దరికం నిలిచింది. ఛీ, ఏం పెద్దరికం.

మొన్న వసంత్ వాళ్ల ఊరు బూదికోట పోయాను. అతను ఇంట్లో లేడు. వాళ్లమ్మ సొన్నమ్మ నేనెవరో తెలియక కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"యారో కోరమండల్ ముసలోడు నా కొడుకును దొంగన్నాడంటప్పా. ఇంగ యా షాపులోనూ చేర్చుకోరు. కూలికి పోతా ఉండాడు," అంది.

ఆ మజ్జిగ చివరిదాకా తాగాను. నేనే అని చెప్పకుండా, బాగుందమ్మా అని లేచి వచ్చేశాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి బూదికోట పోతాను. ముందు ఆ తల్లికి చెబుతాను. రేపు తమక షాపు ముందు, ఆ రోజు చూసినవాళ్లందరినీ పిలిచి, గీకింది నేనేనని చెబుతాను. వసంత్ నా మొహాన ఉమ్మితే తుడుచుకోను. నువ్వు మాత్రం ఫోను చేసి, పోనీలే నాన్నా అనొద్దు.

ఇట్లు,
నీ నాన్న
అమృతరాజు