యాభైకీ మూడుకీ మధ్య

నవంబర్ 3, సోమవారం

ఇవాళ మామా నన్ను వాసన చూసింది. ఈ కువైట్ ఇంట్లో యజమానురాలిని మామా అనే అంటాం. కర్బూజా పండు కొనేముందు తొడిమ దగ్గర చూస్తుందే, అలాగ. ముందు జుట్టు, తర్వాత చున్నీ, తర్వాత చేతివేళ్లు. నేను సిగరెట్ తాగుతానని తొమ్మిదేళ్లుగా తెలిసీ తెలియనట్టు ఊరుకున్న మనిషి.

వాళ్లమ్మ మజీదాను నిన్న ఆసుపత్రి నుంచి తెచ్చారు. పనివాళ్లందరికీ ఆవిడ మామా కబీరా, అంటే పెద్ద మామా. ముక్కుకి గొట్టం, మంచం పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. ఊపిరితిత్తులు సగం పని చేయడం లేదట. ఇంట్లో పొగ తాగేవాళ్లెవరని డాక్టరు అడిగాడట.

తీర్పు ఇదీ. నేను ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు. మూడు వారాలు చూస్తుంది. వాసన పోతే మళ్లీ రానిస్తుంది. పోకపోతే నెలాఖరుకి నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ చేయించదు. ఖలాస్, ఇంటికి టికెట్. వంటకి మనుషులు దొరుకుతారంది. అదీ నిజమే.

టికెట్ కంటే ఇంకో భయం ఎక్కువగా ఉంది నాకు. మామా కబీరా నా చేత్తో తప్ప తినదు. కళ్లు దాదాపు పోయాయి. చెవి మిషను పెడితే పీకి విసిరేస్తుంది. చెవి దగ్గర అరిస్తే మాట అందుతుంది గానీ ఎవరి గొంతో తెలియదు. నాలుగేళ్లుగా మధ్యాహ్నం భోజనం నేనే పెడుతున్నాను. చెంచాకీ చెంచాకీ మధ్య ఒక కథ, ఒక అలక, ఒక కునుకు. గంటాపావు పడుతుంది. ఈ ఇంట్లో నాకు నచ్చిన గంటాపావు అదొక్కటే.

నవంబర్ 4

మానేశాను.

అదే రోజు, సాయంత్రం 4.10

మానలేదు.

నవంబర్ 5, బుధవారం

గంగాదేవి రామ రామ అంటోంది. రాయచోటి పిల్ల, నా గదిలోనే ఉంటుంది, ఇల్లు ఊడవడం బట్టలు ఉతకడం దాని పని. ఇప్పుడు మామా కబీరాకి అన్నం పెట్టడమూ దాని మీదే పడింది. ఆడదానివి, నీకెందుకు సత్యక్కా ఈ కర్మ, అంటుంది. రాజోలులో మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని లంక పొగాకు చుట్ట కాల్చేది. దారిన పోయే పెద్దమనుషులు కూడా నిప్పు అడిగి వెలిగించుకునేవారు. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

నిజానికి నేను మరిగింది పొగకి కాదు, మేడకి. కువైట్ వచ్చిన కొత్తలో సాల్మియాలో చేసిన ఇంట్లో కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. మేడ ఎక్కడానికి సిగరెట్ ఒక్కటే సాకు. అది కాలినంతసేపూ ఎవరూ పిలిచేవారు కాదు. అలా మొదలైంది. ఇప్పుడు రోజుకి పద్నాలుగు.

ఇవాళ మూడు.

అబద్ధం. అయిదు.

మామా కబీరా మధ్యాహ్నం రెండు చెంచాలు తిని మొహం తిప్పేసిందట. ఆమె నా చేత్తో తినల్యాక్కా, ఏం జేసేది, అని గంగాదేవి కళ్లనీళ్లు పెట్టుకుంది.

నవంబర్ 8, శనివారం

మా డ్రైవర్ మునీంద్ర ఏడాది నుంచి సిగరెట్ మానేసి వేప్ మీదే, అదే బ్యాటరీ సిగరెట్ మీదే, ఉన్నాడు. కడప వైపు వాడు. కారు ఆయిల్ మార్చడానికి షువైఖ్ వెళ్తూ, తెచ్చిపెడతాను, బట్టలకి కంపు పట్టదు, అన్నాడు. అందులో పోసే లిక్విడ్‌లో నికోటిన్ ఎంత కావాలని అడిగాడు. అన్నిటికంటే తక్కువది తెమ్మన్నాను. మూడు మిల్లీగ్రాములు.

మూడంటే నీకు ఏం సాల్దక్కా, దినానికి పద్నాలుగు తాగేదానివి, అన్నాడు. నాకు చెప్పొచ్చాడు. వంటలో ఉప్పయినా కారమయినా ముందు తక్కువేసి తర్వాత చూసుకుంటాం. ఎక్కువయితే తియ్యగలమా?

తెచ్చిన వేప్ చిన్నగా ముద్దుగా ఉంది. మింట్ వాసన. రెండు నిమిషాల్లో అదీ పోయింది. బతికాననుకున్నాను.

నవంబర్ 9

పీలుస్తూనే ఉన్నాను. పొద్దున్న అయిదింటి నుంచి. ఉల్లిపాయలు తరుగుతూ, కోడి కడుగుతూ, బాత్రూమ్‌లో. దవడలు నొప్పి. గొంతు ఎండిపోయింది. ఇన్నిసార్లు పీల్చినా ఒక్క సిగరెట్‌కి సరి కాలేదు.

సిగరెట్ అయిపోతుంది. అయిపోయిందని తెలుస్తుంది, పారేసి కిందికి వస్తాం. దీనికి చివరే లేదు. ఎప్పుడు ఆపాలో చెప్పదు. మేడ మీదకి వెళ్లాల్సిన పని కూడా లేదు కాబట్టి మేడ కూడా పోయింది.

ఇట్ల పీకుతాంటే బ్యాటరీ యాడుంటాదక్కా, అని మునీంద్ర నవ్వాడు. నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ అన్నాను. ఆయ్, అలాగేనండీ అని మా గోదావరి యాస పట్టి వెక్కిరించి పోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఎందుకో తెలియదు, ఇవాళ అందరి చెంపలూ పగలగొట్టాలనిపించింది.

నవంబర్ 11, మంగళవారం

పరీక్ష పెట్టుకున్నాను. గదిలోకి రానిచ్చినా మధ్యలో లేచి బయటికి పరిగెత్తితే ఏం లాభం? వేప్‌ని బియ్యం డబ్బాలో పెట్టి, ఓవెన్ టైమర్ గంటాపావుకి తిప్పి, స్టూలు మీద కూర్చున్నాను.

పద్దెనిమిది నిమిషాలు.

అంతే. లేచి మేడ మీదకి వెళ్లి నీళ్ల ట్యాంకు వెనకాల రెండు సిగరెట్లు వరసగా కాల్చాను. తలస్నానం చేసి, బట్టలు మార్చి, పళ్లు తోముకుని వచ్చాను. నాకే సిగ్గేసింది. నలభై ఆరేళ్లు నాకు.

నవంబర్ 13

నిన్నటి నుంచి మామా కబీరా పాలు తప్ప ఏమీ ముట్టలేదు. మామా స్వయంగా కూర్చుని పెట్టినా తినలేదట. సత్య ఏదీ, వేన్ సత్యా, అని అడుగుతోందట. బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తానన్నాడు డాక్టరు.

మామా వంటింట్లోకి వచ్చి నా ముందు నిలబడింది. ముట్టని గిన్నె సింకులో పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

నవంబర్ 14, శుక్రవారం, ఉదయం

అన్నిటికంటే ఎక్కువది తెమ్మన్నాను. యాభై. మునీంద్ర వద్దన్నాడు. మెల్లింగా ఒక్క దమ్ము లాగి చూడు, గుండెకి కొడతాది, అన్నాడు. మెల్లగా చేసే టైము ఎవరికుంది?

అదే రోజు, 11 గంటలు

సిగరెట్‌ని లాగినట్టు లాగాను. ఒకటి, రెండు, మూడు, ఇంకో రెండు. ఆహా అనుకున్నాను. ఇదీ దమ్మంటే అనుకున్నాను. వంటిల్లు గిర్రున తిరిగింది. చెమటలు. గుండె గొంతులో కొట్టుకుంది. సింకులో వాంతి చేసుకుని నేల మీదే పడుకున్నాను. చల్లగా ఉన్న నేలని వదల్లేదు.

గంగాదేవి నిమ్మకాయ నీళ్లు తెచ్చి మొహం తుడిచింది. మునీంద్ర మొదట నవ్వాడు, తర్వాత భయపడ్డాడు, తర్వాత నేల తుడిచాడు. మంచివాడే.

శుక్రవారం కదా, అందరూ ఇంట్లోనే. మచ్బూస్, వీళ్ల మాంసం పులావు, ఆలస్యమైంది.

నవంబర్ 15

మూడు నీళ్లచారు. యాభై ఒట్టి కారం. పొద్దున్న లేవగానే తట్టింది. ఇంత వంట చేసేదాన్ని, ఇన్నాళ్లూ ఈ బుద్ధి ఏమైంది? కలుపుకుంటే సరి.

మందులు కొలిచే కొత్త సిరంజి ఒకటి తీసుకున్నాను, సూది లేనిది. యాభైది ఒక వంతు, మూడుది రెండు వంతులు. మొత్తం యాభై ఆరు, మూడుతో భాగిస్తే పద్దెనిమిది, పైన కొంచెం. చేతి మీద పడితే ఒంట్లోకి దిగుతుందట, గిన్నెలు తోమే గ్లవ్స్ వేసుకున్నాను. కలిపి, ఊపి, మూతకి టేపు వేసి 18 అని రాశాను.

టైమర్. నలభై ఒక్క నిమిషాలు.

సాయంత్రం సిగరెట్ ఒక్కటి.

నవంబర్ 17, సోమవారం

సగం సగం కలిపాను. ఇరవై ఆరు. డెబ్బై నిమిషాలు కూర్చున్నాను గానీ రాత్రి నిద్ర లేదు, చేతులు వణుకు. టీ గ్లాసు పగలగొట్టాను. చిరాకు. గంగాదేవి దండం పెట్టుకుంటూ గొణుగుతుంటే కూడా చిరాకు.

సిగరెట్ లేదు. రెండో రోజు.

నవంబర్ 19

ఒకటికి ఒకటిన్నర. ఇరవై రెండు. కూర్చోబోయే ముందు నాలుగు దమ్ములు, తొందర లేకుండా, తర్వాత బియ్యం డబ్బాలోకి.

టైమర్ గణగణమంది. గంటాపావు అయిపోయింది. నేను కిటికీలోంచి ఎదురింటి వాళ్ల పావురాలను చూస్తూ కూర్చున్నాను. మరిచిపోయాను. దాని సంగతే మరిచిపోయాను.

ఇరవై రెండు. నా నంబరు.

నవంబర్ 21, శుక్రవారం

కూరలో ఉప్పు తగ్గిందని ఇంట్లో అందరూ అన్నారు. సిగరెట్ మానాక నా నాలుకకి సరిపోయింది. ఇన్నేళ్లూ వీళ్లకి ఎంత ఉప్పు తినిపించానో.

మామా కబీరా నిన్న ఒక్క చెంచా. డాక్టరు మంగళవారం వస్తాడు, గొట్టం సంగతి తేలుస్తాడు. మామా పెట్టిన గడువుకి ఇంకా రెండు రోజులు ఆగాలి నేను. గది తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాను. లోపల మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

నవంబర్ 23

మామా మళ్లీ వాసన చూసింది. జుట్టు, చున్నీ, వేళ్లు. నా మంచం మీది దుప్పటి కూడా. చివరికి నా చెయ్యి వదలకుండా కాసేపు అలాగే పట్టుకుంది. రేపు నువ్వే పెట్టు, అంది. మా అమ్మ కోసం మానేశావు, నాకు తెలుసు, అంది.

ఇఖామా గురించి ఒక్క మాట అడగాలని కూడా గుర్తు రాలేదు.

నవంబర్ 24, సోమవారం

హరీస్ చేశాను. గోధుమలూ మాంసమూ వెన్నలా మెదిగేదాకా గిలకొట్టాను. ఉతికిన బట్టలు వేసుకున్నాను. నాలుగు దమ్ములు. లోపలికి వెళ్లాను.

ఎంత చిక్కిపోయిందో. మంచంలో దుప్పటి తప్ప మనిషి లేనట్టుంది.

చెంచా పెదవులకి ఆనించాను. మొహం తిప్పుకుంది. చెవిలో, సత్యని, వచ్చాను, అని అరిచాను. నా చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. గొట్టం పక్కనుంచి గట్టిగా పీల్చింది. మణికట్టు, మళ్లీ వేళ్లు. విసిరికొట్టింది. నువ్వు సత్యవి కావు, అంది. సత్య దగ్గర పొగ వాసన వస్తుంది. నాకు కళ్లు లేవని అబద్ధాలాడతావా, అంది.

మామా గుమ్మంలోనే ఉంది. గిన్నె పట్టుకుని ఆవిణ్ణి తప్పుకుంటూ బయటికి వచ్చాను.

మామా కబీరాకి నేనంటే ఇష్టమనుకున్నాను. నా చెయ్యంటే, నా వంటంటే. నన్ను గుర్తుపట్టింది దానితోనా?

అదే రోజు, సాయంత్రం 5 గంటలు

మునీంద్ర దగ్గర పట్టుబట్టి ఒక్క సిగరెట్ తెప్పించాను. తాగడానికి కాదు. మేడ మీద ట్యాంకు వెనకాల వెలిగించి, నోట్లో పెట్టకుండా, చున్నీ కింద పట్టుకుని నిలబడ్డాను. పొగ బట్టకి పట్టాలి. అంతే కావాలి నాకు. రేపు డాక్టరు వచ్చేలోపు నాలుగు చెంచాలు తింటుంది. మామా టికెట్ ఇస్తే ఇవ్వనీ.

సగం కాలాక తెలిసింది నేనేం చేస్తున్నానో. ఆవిడ ఊపిరితిత్తులు తిన్న దాన్నే చున్నీలో మూటగట్టి ఆ గదికి మోసుకెళ్తున్నాను. నాలుగేళ్లు తెలియక మోశాను. ఇప్పుడు తెలిసి.

ఆర్పేశాను. చున్నీని బకెట్టులో ముంచాను. ట్యాంకుకి ఆనుకుని ఏడ్చాను, బాగా, చాలాసేపు.

ఒక్క దమ్ము కూడా లాగలేదు. ఇది రాసుకోవాలి.

నవంబర్ 25, మంగళవారం

డాక్టరు సాయంత్రం వస్తాడు. మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. ఎవరు నువ్వు, అంది. కొత్తదాన్ని, అన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి అదే వచ్చింది. పేరు అడిగింది. మణి, అన్నాను. మా చెల్లెలి పేరు.

సత్య ఏదీ?

ఊరికి వెళ్లింది, సెలవు మీద. వస్తుంది.

అప్పుడు మొదలుపెట్టింది నా గురించి. సత్య ఉప్పు ఎక్కువ వేస్తుందట. తలుపు గట్టిగా వేస్తుందట. పొగ కంపట. కానీ తొందరపెట్టదట. నువ్వు కూడా తొందరపెట్టకు, నేర్చుకో, అంది. నోరు తెరిచింది.

పదకొండు చెంచాలు. గంటన్నర. బయటికి వచ్చేదాకా వేప్ గుర్తు రాలేదు.

గొట్టం ఇప్పుడే వద్దన్నాడు డాక్టరు.

నవంబర్ 30

మామా నా ఇఖామా రెన్యువల్‌కి కాగితాలు ఇచ్చేసింది. లిక్విడ్‌లో మూడుది ఇంకో అర వంతు పెంచాను. పద్దెనిమిది. తేడా తెలియలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

సత్య వస్తే నిన్ను పంపించేస్తారా, అని అడిగింది మామా కబీరా ఇవాళ. తెలియదన్నాను.

అయితే రావద్దని చెప్పు, అంది.