ఒకే ఇంటికి మూడు ధరలు

సెప్టెంబర్ 9

ప్రియమైన తమ్ముడు రాయిస్‌కి,

ఫోన్ చేస్తే "పేపరు ప్రెస్సుకి పోయే టైమక్కా" అంటావు. నేనెప్పుడు చేసినా అది ప్రెస్సుకే పోతుంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఎడిటరన్నవాడు వచ్చిన ప్రతి కవరూ చించి చూస్తాడని నువ్వే ఒకప్పుడు గొప్పగా చెప్పావు.

పాఠకుల పేజీకి నేను పంపిన లేఖ మూడు వారాలైనా వేయలేదు. అందలేదేమోనని మొదటి నుంచీ మళ్ళీ చెబుతున్నాను. పోయిన నెల ట్వైలా ఇంట్లో సింకు కారుతోందంటే మీ డెల్బర్ట్ బావ వెళ్ళాడు. ట్వైలా మా పక్క స్థలంలోనే ఉంటుంది, స్కూల్లో వంట చేస్తుంది. మావన్నీ ఫ్యాక్టరీలో కట్టి తెచ్చిన ఇళ్ళు కనక, సింకు కింది అల్మారా తలుపు లోపల ఫ్యాక్టరీవాళ్ళు మోడలూ, తేదీ, నంబరూ అచ్చేసిన కాగితం అతికిస్తారు కదా, డెల్బర్ట్ అది చదివాడు. చదివి, ఇంటికొచ్చి, నేరుగా మా సింకు కింద దూరాడు. అదే మోడలు, అదే వారం తయారీ. మాది 417, ఆవిడది 418. ఎదురు వరసలో యూసేబియో ఇల్లు 419. అతను టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మూడూ రెండేసి సగాలుగా ఒకే రోజు లారీల మీద వచ్చిన ఇళ్ళే. మేము డెబ్భై నాలుగు వేల డాలర్లు ఇచ్చాం. ట్వైలా ఎనభై ఒక్క వేలు ఇచ్చింది. యూసేబియో దగ్గర తొంభై ఆరు వేలు లాగారు.

గ్రేడీ పెల్ఫ్రీ ఇళ్ళమ్మే చోట ఏ ఇంటి మీదా ధర రాసి ఉండదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, జీతమెంత, బ్యాంకు ఎంత అప్పిస్తానంది అని తీరిగ్గా అడుగుతారు. అది రాసుకుని లోపలికెళ్ళి ధర పట్టుకొస్తారు. పాపం యూసేబియో ఓవర్‌టైం కూడా కలిపి చెప్పాడు. గ్రేడీని నిలదీస్తే రవాణా ఖర్చుల్లో తేడా అన్నాడు. మూడూ ఒకే దారిన వచ్చాయి కదయ్యా అంటే, ఎవరితోనో మాట్లాడాలని లేచి వెళ్ళిపోయాడు.

వెనక పొలంలో ఇంకో ఇరవై రెండు ఇళ్ళు దింపుతున్నాడు. కొనేవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోకముందే ఈ సంగతి వాళ్ళకి తెలియాలి. నాకు కావలసింది అంతే. అతను కౌంటీ కమిషనర్ పదవికి నిలబడ్డాడనీ, నీ పేపరు అతని పార్టీదేననీ నాకు తెలుసు. నేనూ నలభై ఏళ్ళుగా ఆ పార్టీకే ఓటేస్తున్నాను. ఇది ఓట్ల గొడవ కాదు రాయిస్, ధరల గొడవ. వేస్తావు కదూ?

నీ అక్క,
లవాన్

అక్టోబర్ 14

రాయిస్‌కి,

ఈసారి ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. ఏమనుకోకు.

మొత్తానికి నువ్వే ఫోన్ చేశావు. చేసి, మొదట అడిగింది ఏమిటి? "ఇది నీకు ఎవరు రాసిచ్చారక్కా?" అని. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. మంచులో అరవై మంది పిల్లల్ని ఇళ్ళకి చేర్చాను. రెండు వందల మాటలు సొంతంగా రాయలేననుకున్నావా? నువ్వు కాలేజీలో ఉండగా నీ వ్యాసాలు టైపు చేసిపెట్టింది నేను. అప్పుడు తప్పులు కూడా దిద్దాను. ఆ రోజు ఫోన్ పెట్టేశాక డెల్బర్ట్‌కి ఏమీ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయమేసింది.

తర్వాత నీ రూలు చెప్పావు. ఎన్నికకి ఆరు వారాల ముందు నుంచీ అభ్యర్థుల మీద లేఖలు వెయ్యరట. మరి ఆ ముందటి శనివారమే, స్కూలు బ్యాండుకి గ్రేడీ గారు యూనిఫారాలు కుట్టించారని వేసిన లేఖ ఏమిటంటే, అది ఊరి కబురన్నావు. చివరి పేజీ నిండా ప్రతివారం వచ్చే అతని ప్రకటన కూడా ఊరి కబురే కాబోలు. నీతో వాదిస్తే గోడతో వాదించినట్టే ఉంటుంది.

ఒళ్ళు మండి పక్క కౌంటీ పేపరుకి వెళ్ళాను. బుద్ధి తక్కువ పని. వాళ్ళది అవతలి పార్టీ. వచ్చిన అమ్మాయి ఇళ్ళ ధరల గురించి ఒక ప్రశ్న వేసి, ఇన్నాళ్ళూ ఆ పార్టీకి ఓటేసినందుకు బాధపడుతున్నారా అని ఆరు ప్రశ్నలు వేసింది. తీరా చూస్తే 'మోసపోయిన వితంతువు కన్నీరు' అని మొదటి పేజీలో నా ఫోటో. నేను కన్నీరూ పెట్టలేదు, నా మొగుడూ పోలేదు. ట్వైలా మొగుడు పోయాడని నేను చెబితే ఆ పిల్ల అది నాకు అంటగట్టింది. మూడు ధరలు ఎక్కడో అడుగున వేశారు, అందులో ఒకటి తప్పు.

డెల్బర్ట్ చేపలు వేయిస్తూ అది చదివి, "నేను పోయానట కదా, మరి ఈ గిన్నెలెవరు తోముతారు?" అన్నాడు. మర్నాడు చర్చివాళ్ళు చావింటికి తెచ్చినట్టే నూడిల్స్, చికెన్ కలిపి ఓవెన్‌లో చేసిన పళ్ళేలు మూడు మోసుకొచ్చారు. తలుపు తీసింది డెల్బర్టే. వాళ్ళలో మార్జ్ చేతిలో పళ్ళెం జారి గుమ్మంలో పడింది. నవ్వొస్తుంది కానీ రాయిస్, వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ ధరల మాటెత్తలేదు. బతికున్నవాడిని చంపిన పేపరు ధరలు మాత్రం సరిగ్గా రాస్తుందా అని వాళ్ళ లెక్క. నీ పేపరు నిజాన్ని నొక్కేసింది, ఆ పేపరు దాన్ని అబద్ధం చేసింది. మధ్యలో మేము తలలు బాదుకుంటున్నాం.

ఎన్నికయ్యాక వేస్తానన్నావు. గుర్తుంచుకో.

లవాన్

నవంబర్ 12, సోమవారం

రాయిస్,

ఈ కవరు నీ గుమ్మం పక్క డబ్బాలో నేనే వేసి వస్తున్నాను. బెల్లు కొట్టను. ఎదురుగా నిలబడితే అరుస్తాను, నువ్వు సగంలో లేచిపోతావు.

ఎన్నిక అయిపోయింది, గ్రేడీ గెలిచాడు. అతని నవ్వు మొహం నీ మొదటి పేజీలో చూశాను. నా లేఖ లేదు. సరే, దాని సంగతి వదిలెయ్.

నిన్న మీ అమ్మాయి కెల్సీ ఫోన్ చేసింది. మొగుడికి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందట. ఇండియానాపొలిస్ వదిలి వచ్చేస్తున్నారు. "నాన్నకి చెప్పొద్దత్తా, ఆశ్చర్యపరుద్దాం" అని నన్ను ఇల్లు చూడ్డానికి రమ్మంది. ఎక్కడికో తెలుసా? గ్రేడీ దగ్గరికే. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఆ కుర్చీల్లో కూర్చుని, కాఫీ తాగుతూ, జీతాలు చెప్పేస్తున్నారు. కెల్సీ నర్సు, అతను ఎక్స్‌రే తీస్తాడు. బాగానే సంపాదిస్తున్నారు. వాళ్ళకి ఇంటి ధర లక్షా నాలుగు వేలన్నారు. మాలాంటి ఇల్లే. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, సింకు కింద కాగితం చూపించి, మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నది. వాళ్ళమ్మలాగే మెత్తటి పిల్ల. చివరికి నా భుజం నిమిరి ఏమందో చెబుతాను విను.

"నిజమైతే నాన్న వేసేవాడు కదత్తా. మామయ్య పోయాడని రాసిన పేపరు మాట నమ్మమంటావా?"

నువ్వు చెయ్యనిదీ, వాళ్ళు చేసిందీ రెండూ కలిసి దాని నోట్లోంచి అలా వచ్చాయి. గురువారం పొద్దున సంతకం పెడుతుంది. నా మాట వినదు. నీ మాట వింటుంది.

లవాన్

నవంబర్ 16

అక్కా,

నీ ఉత్తరం సోమవారమే చదివాను. నీ దగ్గర అబద్ధమెందుకు, మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. కూతురికి చెబితే ఊరికీ చెప్పాలి, ఊరికి చెబితే మా యజమానికి సమాధానం చెప్పాలి. ఇలా లెక్కలేస్తూ కూర్చున్నాను. గురువారం మధ్యాహ్నం కెల్సీవాళ్ళు తీసుకుంటున్న ఇంటి దగ్గరికి వెళ్ళాను. కెల్సీ పది గంటలకే సంతకం పెట్టేసింది.

సింకు కింద అతికించిన కాగితం నేనే వంగి చదివాను, మీ ఇళ్ళ మోడలే. నీకెప్పటి నుంచి తెలుసు నాన్నా అని అడిగింది. ఆగస్టు నుంచి అన్నాను. అల్లుడు నన్ను కారు దాకా వచ్చి దిగబెట్టాడు, అది రాలేదు.

ఆ లేఖ నీకెవరు రాసిచ్చారని అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. నా వ్యాసాల్లో తప్పులు దిద్దింది నువ్వని నేనెప్పుడూ మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉండటం సుఖంగా ఉండేది.

రేపటి పేపర్లో నీ లేఖ వస్తోంది. ఒక్క మాట కొయ్యలేదు. పెల్ఫ్రీ ప్రకటన పోతుందని యజమాని అన్నాడు, దాంతో నా ఉద్యోగమూ పోవచ్చు. అది సోమవారం తేలుతుంది. అడగకుండా ఒక్కటి మాత్రం చేశాను, కోప్పడకు. నువ్వు రాసినవి మూడు ధరలు. కింద నాలుగోది నేను చేర్చాను. కొన్నవాళ్ళ పేరు కూడా వెయ్యమని కెల్సీయే చెప్పింది, ఎవరి కూతురో కూడా వెయ్యమంది. వేశాను.

నీ తమ్ముడు,
రాయిస్